రోశమ్మ అడిగిన లెక్క

(దూబగుంట రోశమ్మ సంస్మరణ సభలో ఒక విశ్రాంత ఉపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. నాకు పావుగంట ఇచ్చామన్నారు. జీవితమంతా పాఠాలు చెప్పినదాన్ని, గంట కొట్టందే ఆపే అలవాటు లేదు. కాబట్టి గంట కొట్టే బాధ్యత అధ్యక్షులవారికే వదిలేస్తున్నా.

వర్ధినేని రోశమ్మ గారు 2016 ఆగస్టులో మనల్ని విడిచిపోయారు. నెల్లూరు జిల్లా కలిగిరి మండలం దూబగుంట ఆమెది. సారా వ్యతిరేక ఉద్యమంలో ముందు నిలబడిన మనిషి. చివరికి ఆ ఊరి పేరే ఆమెకు ఇంటిపేరైపోయింది. నాకంటే ముందు మాట్లాడిన పెద్దలు ఆమెను దుర్గమ్మ అన్నారు, అపర కాళి అన్నారు. ఫ్లెక్సీ మీద కూడా అట్టాగే వేయించారు. వెనకాల మంటలు, చేతిలో చీపురు. వేసిన పిల్లల అభిమానాన్ని నేను తప్పుపట్టను. కానీ ఇన్నేళ్ళుగా ఇట్టాంటి సభలకు వస్తా ఉంటే నాకొక గుబులు పట్టుకుంది. రోశమ్మను మనం మెల్లమెల్లగా తాగుడంటే గిట్టని ఒక ముసలావిడగా మార్చేస్తున్నాం. తాగుబోతు మొగుళ్ళకు బుద్ధి చెప్పిన అవ్వ అంటున్నాం. అట్టా గుర్తుపెట్టుకుంటే ఎవరికీ ఇబ్బంది ఉండదు. బారు లైసెన్సు ఉన్న నాయకుడు కూడా వచ్చి దండ వేసి, రెండు మంచి మాటలు చెప్పి కారెక్కొచ్చు. ఆమె గొడవ అసలు ఎవరితోనో చెప్తే మాత్రం దండ వేసే చేతులు కొన్ని వెనక్కి పోతాయి. రోశమ్మ, ఆమెతో నడిచిన వేలమంది ఆడవాళ్ళు తగవు పెట్టుకున్నది ప్రభుత్వ ఖజానాతో. ఆ ఖజానా నింపే పద్ధతితో.

ఇక్కడ కాలేజీ పిల్లలు చాలామంది కనపడుతున్నారు. మీకు సారా పాట అంటే తెలియదు. ఏటా ఎక్సైజు వాళ్ళు జిల్లాలో సారా దుకాణాలకు వేలం పెట్టేవాళ్ళు. ఎవరు ఎక్కువకు పాడితే ఆ ఊళ్ళు ఆ కంట్రాక్టరువి. పాడిన డబ్బు ప్రభుత్వానికి కట్టాలి. అమ్మాల్సిన సరుకూ ప్రభుత్వమే ఇస్తుంది. ఇక అతను చెయ్యాల్సిందల్లా ఏడాది తిరిగేలోగా కట్టిన డబ్బూ దానిమీద లాభమూ రాబట్టుకోవడం. కావలసినవాడు వచ్చి కొనుక్కుంటాడులే అని దుకాణంలో కూర్చుంటే అది అయ్యే పని కాదు. అందుకని జీపుల్లో వేసి ఊరూరికీ పంపేవాళ్ళు. 1980ల్లో వారుణి వాహిని పేరుతో సారాను ప్లాస్టిక్ ప్యాకెట్లలో అమ్మే పద్ధతి వచ్చాక వాళ్ళ పని ఇంకా సులువైంది. సీసా అయితే పగిలిపోతుంది, ప్యాకెట్టుకు ఆ భయం లేదు. చొక్కా జేబులో పడుతుంది, బడ్డీకొట్లో దాగుతుంది, పొలంగట్టు మీద పంచడానికి వీలు. డబ్బు లేకపోతే అప్పు రాసుకుని ఇచ్చేవాళ్ళు. కోతలప్పుడు కూలిడబ్బులో ప్యాకెట్లు కలిపి లెక్క చెప్పిన ఆసాములనూ నేనెరుగుదును. బిందెడు మంచినీళ్ళకు మైలు నడవాల్సిన ఊరికి కూడా పొద్దుగూకేసరికి సారా జీపు మాత్రం తప్పకుండా వచ్చేది. బస్సు లేని ఊరికి కూడా.

అంకెలు చెప్తా, రాసుకోండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎక్సైజు రాబడి 1970-71లో 39 కోట్లు. 1991-92 నాటికి 800 కోట్లు దాటింది. ఇరవై ఏళ్ళలో ఇరవై రెట్లు. ధరలు పెరిగాయి, జనాభా పెరిగింది, నిజమే. అవన్నీ తీసేసినా మిగిలేది చిన్నది కాదు. అది ఎవరి జేబులోంచి వచ్చింది? అందులో పెద్ద భాగం సారాదే, సారా తాగేది కూలివాళ్ళు. అంటే ఈ రాష్ట్రం తన అందరికంటే పేదవాళ్ళ దగ్గర అందరికంటే ఎక్కువ పన్ను వసూలు చేసింది. వాళ్ళకు రసీదు కూడా ఇవ్వకుండా.

ఇట్టాంటి రోజుల్లో, 1991లో, నెల్లూరు జిల్లాకు అక్షర దీపం వచ్చింది. సంపూర్ణ అక్షరాస్యత కార్యక్రమం. సైన్సు ప్రచారం చేసే జన విజ్ఞాన వేదిక వాళ్ళు, జిల్లా అధికారులు, మాలాంటి పంతుళ్ళు, టెన్తూ ఇంటరూ చదివిన పిల్లలు, అందరం అందులో ఉన్నాం. ముందు కళాజాతాలు ఊళ్ళల్లోకి పోయి పాటలు పాడి, నాటికలు వేసి జనాన్ని పోగుచేసేవి. తర్వాత రాత్రి బడి. ఆ బడికి మగవాళ్ళు వచ్చింది తక్కువ. వచ్చినవాళ్ళు కూడా నాలుగు రోజులకు తప్పుకున్నారు. ఆడవాళ్ళు నిలబడ్డారు. పగలంతా కలుపు తీసి, వంట చేసి, పిల్లల్ని నిద్రపుచ్చి, తొమ్మిదింటికి పలక పట్టుకుని వచ్చేవాళ్ళు. రోశమ్మ కూడా ఆ బడి వయసు ఎప్పుడో దాటిపోయిన మనిషే.

ఆ బడిలో ఏం జరిగిందో బయటివాళ్ళు చాలామంది రాశారు. అక్షరం వచ్చింది, చైతన్యం వచ్చింది అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. అంత సులువుగా ఏమీ రాలేదు. నేను చూసింది చెప్తా. అక్షరాల కంటే ముందు వాళ్ళకు పట్టుబడింది కూడికలు, గుణకారాలు. రోజుకు కూలి ఎంత, ఇంటికి వచ్చింది ఎంత, ప్యాకెట్టు ఎంత, నెలకెన్ని, ఏడాదికి ఎంత. ఒకామె తన ఇంటి లెక్క పలక మీద వేసుకుని, పక్కామెను అడిగి ఆమె లెక్క వేసి, తర్వాత ఆ వాడలో ఉన్న ఇళ్ళన్నీ కలిపేసింది. వచ్చిన మొత్తం చూసి నోరు పెగల్లేదు ఎవరికీ. ఆ డబ్బుతో ఊళ్ళో బడి కట్టొచ్చు, బోరు వేయించొచ్చు. అప్పుడు అడిగింది చూడండీ ఒక ప్రశ్న: మేం ఇంత కడుతున్నాం గదా, మా ఊరికి ఏం వచ్చింది? నాకు జవాబు తెలియలేదు. పాఠ్యపుస్తకంలో కూడా లేదు.

దూబగుంటలో ఆడవాళ్ళు మాట్లాడుకున్నారు, కట్టు కట్టారు, ఊళ్ళో సారా దుకాణం మూయించారు. ముందు నిలబడింది రోశమ్మ. అక్కడితో అయిపోయి ఉంటే అది ఆ ఊరి సంగతిగానే మిగిలిపోయేది. కానీ ఆ జరిగింది తర్వాతి వాచకంలో పాఠంగా వచ్చింది, ‘ఆడవాళ్ళు ఏకమైతే’ అని. ‘సీతమ్మ కథ’ అని ఇంకొక పాఠం కూడా ఉండేది. నేను ఎన్నో పాఠాలు చెప్పాను గానీ, పాఠం వినగానే జనం లేచి, ఇది నిజంగా జరిగిందా, ఆ ఊరు ఎంత దూరం అని అడగడం ఆ ఒక్కసారే చూశా. కలిగిరి బస్సు ఎక్కి పోయి కళ్ళారా చూసొచ్చినవాళ్ళు ఉన్నారు. పురాణాల్లో వీరవనితల కథలు వాళ్ళకు తెలియనివి కావు. అవి విని దణ్ణం పెట్టుకుంటారు. ఇది అట్టా కాదు, పక్క మండలంలో తమలాంటి కూలిమనిషే చేసింది. అది తేడా. సారా వ్యాపారులకు ఆ పాఠం మీద కోపం రావడంలో ఆశ్చర్యమేముంది!

అక్కడి నుంచి 1992లో ఊరూరా పాకింది. సాయిపేట, లేగుంటపాడు, దామరమడుగు, ఎన్నని చెప్పను. జీపుకు అడ్డం పడుకున్నారు. ప్యాకెట్లు గుచ్చి కాలవలో పారబోశారు. కొంగున కారప్పొడి ముడేసుకుని రాత్రిపూట కాపలా కాశారు. తాగి వచ్చినవాడికి కూడు పెట్టేది లేదన్నారు. కొన్నిచోట్ల గుండు కొట్టించారు కూడా. అది నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. ఆ మాట వాళ్ళతోనే అన్నాను. ‘నీకేం తెలుసు టీచరమ్మా’ అన్నారు. పోలీసులు వచ్చి మీ నాయకురాలెవరని అడిగితే, ‘మేమందరమూ’ అని ఒకే గొంతుతో చెప్పిన వాడలున్నాయి. ఎవరి మీద కేసు రాయాలో ఎస్సైకి అర్థం కాక తల గోక్కున్నాడు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నా. ఊళ్ళో దుకాణం మూయిస్తే పక్క ఊళ్ళో తెరుస్తారు. మొగుడు మానేస్తే కొడుకు మొదలుపెడతాడు. ఇది వాళ్ళకు త్వరగానే అర్థమైంది. దీనికంతటికీ మూలం ఎక్కడుందో వెతుక్కుంటూ పోయి వేలం పాట దగ్గర ఆగారు. పాట జరగకపోతే కంట్రాక్టరు లేడు, కంట్రాక్టరు లేకపోతే జీపు లేదు. 1992లో నెల్లూరులో పాట పెట్టిన ప్రతిసారీ ఆడవాళ్ళు వందలూ వేలుగా వచ్చి కూర్చున్నారు. పోలీసులు లాఠీలు ఎత్తారు. అయినా పాట వాయిదా, మళ్ళీ పెడితే మళ్ళీ వాయిదా. పాడటానికి వచ్చినవాళ్ళు లోపలికి పోవడానికే జంకారు. నష్టమొస్తుందని లెక్క వేసుకున్న వ్యాపారి ఏ ఉపన్యాసమూ వినకుండానే తప్పుకుంటాడు. బడిమొహం చూడని ఆడవాళ్ళు కనిపెట్టిన ఈ కిటుకును నేను ఏ పొలిటికల్ సైన్సు పుస్తకంలోనూ చదవలేదు. అప్పటి ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్దనరెడ్డి గారు ఈ జిల్లావారే, వాకాడు. సొంత జిల్లాలోనే పాట సాగక ప్రభుత్వం ఇరుకున పడింది. 1992 అక్టోబరులో కోట్ల విజయభాస్కరరెడ్డి గారు ముఖ్యమంత్రి అయ్యారు. 1993 ఏప్రిల్ 15 నుంచి నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధించారు.

ఆ మధ్యలో హైదరాబాదు నుంచి ‘అన్వేషి’ అనే స్త్రీల అధ్యయన సంస్థవాళ్ళు వచ్చి ఊళ్ళల్లో కూర్చుని ఆడవాళ్ళతో మాట్లాడిపోయారు. 1993లో ఇంగ్లీషు పత్రికలో వ్యాసంగా వచ్చింది. బయటినుంచి వచ్చినవాళ్ళు చాలామంది, మీ ఆయన కొడతాడా, ఎన్నిసార్లు కొట్టాడు అనే అడిగేవాళ్ళు. అన్వేషి వాళ్ళు వీళ్ళు చెప్పేది విన్నారు. వీళ్ళేమో సర్కారు ఎందుకమ్ముతోంది అనే దగ్గరే మొదలుపెట్టేవాళ్ళు. కొట్టడం లేదని కాదు. కొట్టేవాళ్ళు, చంపినవాళ్ళూ ఉన్నారు. కానీ ఆయన చేతికి ప్యాకెట్టు అందించింది ఎవరన్న ప్రశ్న ఆ ఆడవాళ్ళు ఎన్నడూ వదల్లేదు. పట్నంలో చదువుకున్న మనకు ఇల్లు ఒకటి, ప్రభుత్వం వేరొకటి. వాళ్ళకు పొయ్యి మీది ఎసరు చల్లారిపోవడమూ, సెక్రటేరియట్‌లో బడ్జెట్టు నిండడమూ ఒకే సంగతి.

తర్వాత కథ మీకు తెలిసిందే, గబగబా చెప్పేస్తా. సంపూర్ణ మద్య నిషేధం వాగ్దానంతో 1994 ఎన్నికల్లో ఎన్టీ రామారావు గారు గెలిచారు, 1995 జనవరిలో నిషేధం తెచ్చారు. వారుణి వాహిని తెచ్చిందీ ఆయన ప్రభుత్వమే, అదీ గుర్తుపెట్టుకోండి. 1997లో చంద్రబాబునాయుడు గారి ప్రభుత్వం ఎత్తేసింది. దొంగసారా పెరిగింది, పక్క రాష్ట్రాల నుంచి సరుకు వస్తోంది, రాబడి పోయింది అన్నారు. మొదటి రెండు కారణాల్లో నిజముంది. మూడోది అసలు కారణం. ఇది చూసి రోశమ్మ ఓడిపోయింది అనేవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. 1997లో తిరిగి వచ్చింది బ్రాందీ సీసాలు. ప్రభుత్వ సారా ప్యాకెట్టు, సారా వేలం తిరిగి రాలేదు. ఆమె ఏది ఆపడానికి కూర్చుందో అది ఆగింది. సంపూర్ణ నిషేధం నాయకులు దానికి తగిలించిన తోక. ఆ తోక తెగిపోయిందని ఆమెను ఓడినదాని కింద జమకట్టడం అన్యాయం.

ఒక చిన్న పక్కమాట. ఈ తగవు మనకు కొత్తది కాదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం పుట్టింది. ఏడాది తిరిగాక 1954 నవంబరులో టంగుటూరి ప్రకాశం పంతులు గారి ప్రభుత్వం ఒక్క ఓటుతో పడిపోయింది. గొడవ దేని మీద? మద్య నిషేధం మీద. మన మొదటి మంత్రివర్గమే అందులో కొట్టుకుపోయింది. అక్టోబరు 1 మనకు భలే తారీఖు. 1993లో ఆ రోజే సారా పోయింది. 2019లో సరిగ్గా ఆ రోజే ఆంధ్రప్రదేశ్‌లో మద్యం దుకాణాలన్నీ ప్రభుత్వమే నడపడం మొదలుపెట్టింది, దశలవారీ నిషేధమని చెప్పి. తెల్లారితే గాంధీ జయంతి. 2024 అక్టోబరులో మళ్ళీ ప్రైవేటుకు ఇచ్చారు. 3,396 దుకాణాలకు లాటరీ. దరఖాస్తుకు 2 లక్షలు, షాపు వచ్చినా రాకపోయినా తిరిగి ఇవ్వరు. దాదాపు 90 వేల దరఖాస్తులు. అంటే ఒక్క సీసా అమ్మకముందే దాదాపు 1,800 కోట్లు ఖజానాలో పడ్డాయి. పార్టీల పేర్లు నేను చెప్పను, ఎవరు ఎప్పుడు ఉన్నారో మీకు తెలుసు. రాజ్యాంగం 47వ అధికరణంలో మత్తు పానీయాలను నిషేధించడానికి రాజ్యం ప్రయత్నించాలని రాసి ఉంది. అయినా సంక్షేమ పథకాలకు డబ్బెక్కడిదని అడిగితే ఈ మద్యం రాబడినే చూపిస్తారు. ఆడవాళ్ళ ఖాతాలో వేసే డబ్బుకు ఆడవాళ్ళ ఇంటినుంచి పోయిన డబ్బే ఆధారం అన్నమాట. రాత్రి బడిలో పలక మీద వేసిన లెక్క ఇది. ఇప్పటికీ ఎవరూ కొట్టేయలేకపోయారు.

సారా పోయాక చేతిలో మిగిలిన డబ్బు ఏమైంది? అది చాలామంది చెప్పరు. రోజుకు ఒక్క రూపాయి దాచుకోండని 1993 నుంచి ఈ జిల్లాలో పొదుపు లక్ష్మి గ్రూపులు మొదలయ్యాయి. ఇవాళ డ్వాక్రా సంఘాలని రెండు రాష్ట్రాల్లోనూ గొప్పగా చెప్పుకుంటున్నామే, మన దగ్గర దానికి నేల దున్నింది ఆ సారా ఉద్యమమే. జీపుకు అడ్డంగా పక్కపక్కన పడుకున్న ఆడవాళ్ళు ఒకరి డబ్బు విషయంలో ఒకరిని నమ్మారు. ఆ నమ్మకం బ్యాంకు మేనేజరు ఇచ్చింది కాదు. తర్వాత ఆ సంఘాలనే మీటింగులకు జనాన్ని తోలడానికి వాడుకున్నారు, అది వేరే సంగతి. దాని గురించి మాట్లాడితే అధ్యక్షులవారు గంట నిజంగానే కొడతారు.

చివరిగా ఒక్కమాట రోశమ్మ గురించే. ఆ రోజుల్లో ‘ఈనాడు’ ‘సారాపై సమరం’ అని రోజూ పేజీలకు పేజీలు వేసేది. మిగతా పత్రికలూ రాశాయి. అది ఉద్యమానికి మేలే చేసింది. కానీ పత్రికకు ఒక ముఖం కావాలి, ఒక పేరు కావాలి. రోశమ్మ దొరికారు. పేరు వచ్చింది, సన్మానాలు జరిగాయి. పేరు ఆమెకు అన్నం పెట్టలేదని ఇక్కడున్న చాలామందికి తెలుసు. మిగతా ఊళ్ళల్లో నిలబడిన ఆడవాళ్ళకు పేరు కూడా రాలేదు. వాళ్ళల్లో ఎక్కువమంది మాల మాదిగ వాడల నుంచి, బీసీ కులాల నుంచి వచ్చినవాళ్ళు. పనికి పోయే ఆసామే సారా కంట్రాక్టరుకు బంధువైతే, ఉద్యమంలోకి వచ్చినందుకు మర్నాడు పని పోయేది. ఆ నష్టాన్ని ఎవరూ రాయలేదు. ఇప్పుడు వాళ్ళు కూడా ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. పోయిన ఏడాది మా రాత్రి బడిలో చదువుకున్నామె ఒకరు పోతే, మనవళ్ళకు ఆమె చేసిందేమిటో తెలియదు. సారా జీపు గాలి తీసింది మీ నాయనమ్మేరా అని నేను చెప్తే నవ్వారు.

అందుకని నేను అడిగేది ఒకటే. విగ్రహం పెట్టాలనుకుంటే పెట్టండి, నేను అడ్డురాను. ముందు మాత్రం ఊరూరికీ పోయి, బతికున్నవాళ్ళ మాటలు ఫోనులో రికార్డు చెయ్యండి. ఇక్కడున్న పిల్లలందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి. అమ్మా నీ పేరేంది, ఏ ఊరు, ఆ రోజు ఏం చేశావు, ఎవరెవరున్నారు, ఏం పోగొట్టుకున్నావు అని అడగండి. మొగుడు కొట్టాడా అని మొదలుపెట్టొద్దు. లెక్క ఎట్టా వేశావమ్మా అని అడగండి. చెప్తారు, బాగా చెప్తారు. ఇద్దరు ముగ్గురం పాత వాలంటీర్లం కలిసి కొన్ని ఊళ్ళ పేర్లు, మనుషుల పేర్లు రాసి పెట్టాం. నోటుబుక్కు అదుగో, ఆ బల్ల మీద ఉంది. అందులో లేని ఊళ్ళు చాలా ఉన్నాయి. భోజనాలకు లేచే ముందు మీ ఊళ్ళో ఎవరున్నారో అందులో రాయండి. రాయడం రానివాళ్ళు నాకు చెప్పండి, నేను రాస్తా.